కోటగోడలకు కాదు, కూలినవారికి స్మృతి కావాలి

పత్తి అమ్మకానికో, పెళ్లిబట్టలకో, వైద్యానికో ఆదోనికి వెళ్లని కుటుంబం మా పెద్దకడుబూరు ప్రాంతంలో లేదు. కానీ అక్కడి కొండకోటకు పిల్లలను తీసుకువెళ్లి, ఈ ఊరు ఎన్ని ముట్టడులను భరించిందో చెప్పే పెద్దలు ఎందరు? మనం వహించిన మౌనాన్ని ఇతరులు తమ కథతో నింపుతున్నారు.

ఆ కథ ప్రకారం మధ్యయుగమంతా హిందువులపై ముస్లింలు సాగించిన యుద్ధమే! ఆదోని చరిత్ర ఈ వాదాన్ని నిలువునా ఖండిస్తుంది. 1686లో బీజాపూర్ పతనమైన తరువాత కూడా ఆ రాజ్యానికి చెందిన సిద్దీ మసూద్ ఖాన్ ఆదోనిని విడువలేదు. ఆయన ఆఫ్రికా మూలాలున్న హబ్షీ. 1688లో ఆయనను లొంగదీసినది ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్. మసూద్ ఖాన్ ప్రాణప్రదంగా కట్టించిన జామియా మసీదు వైపు మొగలు ఫిరంగులు గురిపెట్టగా, ఆ కట్టడానికి హాని కలుగరాదని ఆయన కోటను అప్పగించాడని తరతరాల గాథ. గాథ సంగతి ఎట్లున్నా, లోపలి సేనానీ బయటి సేనానీ ఒకే కలిమా చదివినవారు.

1786లో ఈ కోటను ముట్టడించినవాడు టిప్పు సుల్తాన్. లోపల ఉన్నవాడు నిజాం అలీ ఖాన్ సోదరుడు బసాలత్ జంగ్ కుమారుడు మహబత్ జంగ్. ఆయన కుటుంబాన్ని కాపాడడానికి నిజాం సైన్యంతో కలిసి వచ్చినవారు మరాఠాలు. ఆపై టిప్పు కోటను స్వాధీనం చేసుకొని బురుజులను కూల్చివేయించాడు. దీనిని ఏ మతానికీ ఏ మతానికీ మధ్య యుద్ధమని పిలవాలి? అది రాజ్యాల కోసం రాజులు చేసిన యుద్ధం. ఆకలికీ గుండ్లకూ బలైనది రెండు మతాల పేదలు.

అయితే మనవారిలో కొందరు చేస్తున్న మరో పొరపాటునూ ఖండించక తప్పదు. ‘మన సుల్తానులు ఏలిన గడ్డ’ అని మీసం మెలివేయడం చరిత్ర కాదు. ఆ గర్వం మన నేతపనివారికి, హమాలీలకు ఏమి ఒరగబెట్టింది?

ముట్టడిని ఎలా స్మరించాలో సరయేవో నేర్పింది. బోస్నియా ముస్లింలు అధికంగా గల ఆ నగరం 1425 రోజుల ముట్టడిని తట్టుకొని నిలిచింది. 2012 ఏప్రిల్ 6న దాని ప్రధాన వీధిలో 11,541 ఖాళీ ఎర్రకుర్చీలు వేశారు. మరణించిన ఒక్కొక్కరికి ఒక్కొక్క కుర్చీ. 872 రోజుల దిగ్బంధాన్ని భరించిన లెనిన్‌గ్రాడ్‌లో, పిస్కర్యోవ్‌స్కొయె శ్మశానంలోని సామూహిక సమాధులపై రాళ్లమీద సంవత్సరం చెక్కి ఉంటుంది. అక్కడ తలవంచేది సేనానులకు కాదు, సామాన్యులకు.

మన సామాన్యుల స్మృతి పాత ఖబరస్తాన్లలో, పేరులేని గోరీలలో ఉంది. దానికే నేడు ముప్పు వచ్చింది. 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం, దీర్ఘకాల వినియోగమే ఆధారంగా వక్ఫ్‌గా గుర్తించే నియమాన్ని ఇకమీదట లేకుండా చేసింది. అంతకుముందే నమోదైనవాటికి మాత్రమే మినహాయింపు. వాటిలోనూ వివాదంలో ఉన్నవాటికి, ప్రభుత్వ భూమి అన్నవాటికి అది వర్తించదు. శతాబ్దాలుగా ఫాతిహా చదివిన చోటుకు కాగితం చూపమంటున్నారు! నాటి ముట్టడిదారు ఫిరంగి తెచ్చాడు, నేటివాడు దస్త్రం తెస్తున్నాడు.

దస్త్రాల మధ్యనే ఉద్యోగజీవితం గడిపిన మేము చెప్పగలిగింది ఒక్కటే: దస్త్రానికి దస్త్రంతోనే జవాబు. ప్రతి ఊరి ముతవల్లీ, యువకులు కలిసి వక్ఫ్ గెజిట్‌నూ అడంగల్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలి. సర్వే నెంబరు, విస్తీర్ణం, హద్దులు రాసుకోవాలి. గోరీల ఫోటోలు తీయాలి. నమోదు లేనిచోట న్యాయవాదిని సంప్రదించాలి. ఈ పని రంజాన్ వరకు ఆగేది కాదు, వచ్చే జుమాకే మొదలుకావాలి.

ఆ తరువాత పిల్లలను ఆదోని కోటకు తీసుకువెళ్లండి. వారి హిందూ స్నేహితులనూ వెంట రమ్మనండి. అక్కడ కూలినది ఇరువురి పూర్వికులూ కదా!