షట్టర్ పూర్తిగా దిగకపోతే

"రాత్రి అన్నం తిని బాగానే పడుకున్నాడు, తెల్లారి లేపితే లేవలేదు." బందరు, గుడివాడ, దివిసీమ వైపు వాళ్ళు ఈ మాట ఒక్కసారన్నా వినే ఉంటారు. పోయినవాడికి ముప్ఫై కూడా ఉండవు. "గుండెపోటు" అనో, "ఆయుష్షు అంతే" అనో సరిపెట్టేసుకుంటాం. పెద్దకర్మ అయ్యాక ఎవరి దారి వారిది. నా అభ్యంతరమల్లా ఇక్కడే.

ఇలాంటి చావులన్నిటికీ ఒకటే కారణం ఉండదు. కొందరిలో గుండె కండరం, రక్తనాళాలు బాగానే ఉండి, తేడా కరెంటులో ఉంటుంది. అందులో ఒకటి సోడియం ఛానల్. మన కాలవ షట్టర్ లాంటిదే అనుకోండి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తెరుచుకుని, సోడియాన్ని కణంలోకి వదిలి, కొన్ని మిల్లీసెకన్లలో మూసుకోవాలి. దీని కోడ్ ఎస్‌సీఎన్5ఏ అనే జన్యువులో ఉంటుంది. ఆ మూత దగ్గర మూడు అమైనో ఆమ్లాలు ఎగిరిపోయిన కుటుంబాలని 1995లో గుర్తించారు. సుమారు రెండు వేలల్లో మూడంటే మూడు! షట్టర్ పూర్తిగా దిగదు, సోడియం సన్నగా కారుతూనే ఉంటుంది. ఈసీజీలో క్యూటీ అనే దూరం సాగుతుంది. నాడి నెమ్మదించే నిద్రలోనే ఈ రకానికి ప్రమాదం ఎక్కువ. లోడ్ లేని అర్ధరాత్రి సర్వర్ పడిపోయినట్టన్నమాట.

అదే జన్యువులో వేరే మార్పులుంటే షట్టర్ మరీ తొందరగా మూసుకుపోతుంది, లేదా మళ్ళీ తెరుచుకోడానికి బద్ధకిస్తుంది. 1992లో బ్రుగాడా సోదరులు వివరించిన జబ్బు కొందరికి ఇలా వచ్చేదే. వీళ్ళకి జ్వరం కూడా ప్రమాదమే.

దీన్ని మేనరికం మీదకి తోసేయకండి. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి ఒక్క కాపీ వచ్చినా చాలు. ఒక్కో బిడ్డకీ సగానికి సగం అవకాశం. అంటే పోయినవాడి తమ్ముడికో, కూతురికో అదే షట్టర్ ఉండొచ్చు.

తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది. కొన్ని మందులు వాడొచ్చు, కొన్ని అసలు వేసుకోకూడదు. అవసరమైతే ఛాతీలో ఐసీడీ పెడతారు. మొదటి మెట్టు మామూలు ఈసీజీయే. అది ఒకసారి బాగా వచ్చిందని వదిలేయకుండా, "మా అన్న నిద్రలో పోయాడు" అని చెప్పి గుండె డాక్టరుకి చూపించాలి. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. ఇలాంటి ఇంటివాళ్ళందరికీ ఈసీజీ తీయడం అక్కడ ఆనవాయితీ కావాలని నా కోరిక.

ఊరి నుంచి అలాంటి కబురొస్తే మనం ఇక్కణ్ణించి కర్మ ఖర్చులకి డబ్బు పంపుతాం. ఆ ఫోన్లోనే తమ్ముడి ఈసీజీ సంగతి కూడా అడుగుదాం. తీయించేదాకా వదలొద్దు.