గుర్రం లెక్కలో పనిమనిషి

దొరల పేర్లు చరిత్రలో కుప్పలుగా ఉంటాయి. దొర ఇంట్లో గిన్నెలు తోమినామె పేరు ఎక్కడైనా చూశారా? స్కాట్లండు పట్టణాల పాత పన్ను చిట్టాల్లో ఉంది. ఎందుకు ఎక్కించారో తెలిస్తే కడుపు మండుతుంది.

1777లో లండను సర్కారు అమెరికాతో యుద్ధంలో ఉంది. ఖజానాకు డబ్బు కావాలి. ప్రధాని లార్డ్ నార్త్ మగ నౌకర్ల మీద పన్ను వేశాడు, తలకు ఏడాదికి 21 షిల్లింగులు. కట్టేది నౌకరు కాదు, యజమాని. బట్లరుకీ, బండి తోలేవాడికీ, తోటమాలికీ పన్ను పడింది. పొలం పనివాడికీ, వ్యాపారంలో పనివాడికీ లేదు. అంటే ఏమిటి? పొలంలో చేస్తే అది పని, ఇంట్లో చేస్తే అది దొర దర్జా! అంతకు ముందు ఏడాదే స్కాట్లండు పండితుడు ఆడం స్మిత్ ఇంటి నౌకరు శ్రమ సంపదను పెంచదని తన పుస్తకంలో రాశాడు. ఆ మాట రాసేటప్పుడు ఆయన పొయ్యి ఎవరు రాజేశారో మరి.

1785లో ప్రధాని పిట్ ఆడవాళ్ల మీద పడ్డాడు. ఇంట్లో ఒక పనిమనిషి ఉంటే రెండున్నర షిల్లింగులు, ఇద్దరుంటే తలకు ఐదు, ముగ్గురూ ఆపైన ఉంటే తలకు పది. పెళ్లికాని యజమానికి రెట్టింపు. దీంతో పనిమనుషులు వీధిన పడతారని అప్పుడే గోల లేచింది. దొర జేబు మీద వేసిన పన్ను చివరికి ఎవరి పొట్ట మీదికి వస్తుందో ఆ గోల చేసినవాళ్లకు అర్థమైంది.

దొరలు పన్ను కట్టారని మాకేం జాలి లేదు. మేం అడిగేది లెక్క గురించి. ఎడింబరో, గ్లాస్గో లాంటి పట్టణాలకు విడివిడిగా చిట్టాలు రాశారు. యజమాని పేరు, పక్కన నౌకరు పేరు, అక్కడక్కడా చేసే పని. అదే దస్త్రాల వరసలో బండ్ల పన్ను. 1797 వచ్చేసరికి పొలం గుర్రాలకూ, కుక్కలకూ, గడియారాలకూ చిట్టాలు వచ్చాయి. పన్ను తలల లెక్కనే గానీ జీతం లెక్కన కాదు. ఆమెకు ఏమిచ్చావని దొరను అడిగే అవసరం సర్కారుకు పడలేదు.

అదే రోజుల్లో అదే దేశంలో ఒక ఇంటి నౌకరు కోర్టుకెక్కాడు. పేరు జోసెఫ్ నైట్. ఆఫ్రికాలో పుట్టినవాడు. జమైకాలో జాన్ వెడర్‌బర్న్ అనే తోటల దొర కొన్నాడు, 1769లో పెర్త్‌షైరుకు తెచ్చి ఇంటి పనికి పెట్టుకున్నాడు. నైట్ అక్కడే పనిచేసే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. నేను వెళ్తానన్నాడు. వెళ్లనివ్వనన్నాడు దొర. కింది కోర్టు 1774లో నైట్ పక్షాన నిలిచింది. దొర పైకోర్టుకు పోయాడు. పన్ను వచ్చిన మరుసటి ఏడాది, 1778లో, జమైకా బానిసత్వం ఈ నేల మీద చెల్లదని ఎడింబరోలోని పైకోర్టు తేల్చింది. ఇది దొర దయతో వచ్చిందా? నైట్ నాలుగేళ్లు పట్టుబట్టి తెచ్చుకున్నాడు. అయితే ఆ తీర్పు నాటికి స్కాట్లండు బొగ్గు గనుల కూలీలు ఇంకా గని యజమానికి కట్టుబడే ఉన్నారు. 1606 నాటి చట్టం వేసిన ఆ కట్టు 1799 దాకా పూర్తిగా తెగలేదు. వెట్టి తెలిసిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

మగ నౌకర్ల పన్ను బ్రిటన్‌లో 1937 దాకా నడిచింది. ఆడవాళ్ల పన్ను 1792లోనే ఎత్తేశారు. దాంతో ఈ చిట్టాల్లో వాళ్ల పేర్లు రాయడమూ ఆగిపోయింది. ఇవాళ తమ ముత్తవ్వ ఏ ఇంట్లో ఊడ్చిందో వెతికేవాళ్లకు ఆ ఏడేళ్ల కాగితాలే దిక్కు. ఆ తర్వాత దేశమంతటా పేరుపేరునా రాసింది 1841 జనాభా లెక్కల్లోనే.