దవాఖానకు మేం, పుస్తకాలకు వాళ్లా?

మూసీ ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌లో రెండు పెద్ద బంగ్లాలు దగ్గర దగ్గరే ఉన్నయి. ఒకటి ఉస్మానియా దవాఖాన. రెండోది స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. మేడ్చల్, షామీర్‌పేట వాడల్లో ఆ దవాఖాన తెలియని ఇల్లు లేదు. కాలు విరిగినా, పాము కరిచినా, ఆఖరికి పోస్టుమార్టానికైనా అక్కడికే. మరి పక్కనున్న లైబ్రరీ మెట్లెక్కిన ఇండ్లు ఎన్ని? మొన్న రెండు ఊళ్ల వాడల నుంచి 14 మందిమి కూడి పోయినం. ఒక్కరు కూడా అంతకు ముందు లోపల అడుగు పెట్టినోళ్లు కారు.

మాతో వచ్చిన ఒక అవ్వ గేటు దగ్గరే నిలబడిపోయింది. ఎన్నో ఏండ్ల కింద కొడుకును దవాఖానల వేసి, పదకొండు దినాలు ఈ గోడ పక్కనే పండుకున్నదట. "ఇది గూడ కోర్టే అనుకున్న బిడ్డా. మనల్ని పోనియ్యరనుకున్న" అన్నది. ఆ రోజు మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ఆమెను అప్పుడైనా ఎవరూ ఆపి ఉండకపోవచ్చు. ఎవరూ ఆపకుండానే పదకొండు దినాలు బయట ఉంచిన భయం ఎవరు పెట్టింది? చదువు మన చెవిన పడితే సీసం కరిగించి పోయాలన్న ధర్మశాస్త్రాలు పెట్టింది కాదా?

చూడటానికి గొప్ప కట్టడమే, కాదనం. 1891లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామి పూనికతో కుతుబ్ ఖానా ఆసఫియాగా మొదలైంది. ఏడో నిజాం కాలంలో, 1936లో ఈ బంగ్లాలోకి వచ్చింది. 1955 గ్రంథాలయ చట్టం తర్వాత ఇప్పటి పేరు పెట్టిండ్రు. లక్షల పుస్తకాలు. ఈ మధ్య పాత కట్టడాలు చూసే నడకలు ఎక్కువైనయి. కెమెరాలు మెడలో వేసుకొని వస్తరు, గోడలకు ఫొటోలు తీస్తరు, నిజాం గొప్పోడంటరు. సున్నం కలిపినోడెవడు, రాయి మోసినామె ఎవరు అని అడగరు. సరే, దాని మీద మేం పెద్ద గొడవ చెయ్యం. రాళ్లు మోసిన లెక్క చెప్పుకుంట కూచుంటే పుస్తకం తెరిచేదెప్పుడు? మా గొడవ వేరే.

తాళపత్రాలు కూడా ఉన్నయని తెలిసినంక మాలో ఒక పిల్లగాడు అడిగిండు: "తోలు పదును చేసే ఇద్దెం ఏ ఆకు మీద రాసిండ్రు?" జవాబు మాకు తెలుసు. మన పురాణం డక్కలోళ్ల భుజం మీద తిరిగింది. పటం విప్పి జాంబపురాణం చెప్తుంటే మాదిగవాడ తెల్లందాక కూచొని విన్నది. అది గ్రంథాలయం కాదా? దానికి బంగ్లా ఎవరు కట్టిండ్రు?

తెలుగు గ్రంథాలయోద్యమం అనంగనే 1901లో హైదరాబాదులో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం చెప్తరు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావుల పేర్లు చెప్తరు. చెప్పాల్సిందే. కానీ అయిదేండ్లకే, 1906లో, అదే పట్నంలో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టిండు. అక్షరం రానోళ్లకు హరికథలతో చదువు చెప్పిండు. తర్వాత బడులు తెరిచిండు, అవి 26 దాకా పెరిగినయి. 1931లో 'భాగ్యనగర్ పత్రిక' నడిపిండు. చదివేటోళ్లను తయారు చేసినోడు గ్రంథాలయోద్యమకారుడు కాడా? ఆయన పేరు మాత్రం 'హరిజనోద్ధరణ' అనే వేరే డబ్బాలో ఎందుకు పడేస్తరు? ఆయన హరిజనుడని చెప్పుకోలేదు, ఆదిహిందువునన్నడు!

ఇక మన ఊళ్ల సంగతి. మా పక్క ఊర్లో లైబ్రరీ గుడి పక్కన, పెద్ద కులాల గల్లీలో ఉన్నది. వాడ పిల్లగాడు పోతే పేపరు అందరి తర్వాత ఇస్తరు. ఒకనాడు "చేతులు కడుక్కొని రాపో" అన్నరు. వాడు మళ్ల పోలేదు. 1998లో పెట్టిన నల్సార్ లా యూనివర్సిటీ ఇప్పుడు షామీర్‌పేటలో ఉన్నది, అందులో లక్షణమైన లైబ్రరీ ఉన్నది. అంత దగ్గర్లో మా వాడకు ఒక బల్ల, ఒక పేపరు లేదు.

ఇది దానం అడిగే ముచ్చట కాదు. 1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నుతో పాటు లైబ్రరీ సెస్సు వసూలు చేస్తరు. పన్నులో రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల పన్ను కట్టినోడు 80 రూపాయలు లైబ్రరీకి కట్టినట్టే. రేకుల ఇంటోడూ కడుతుండు, మేడ ఇంటోడూ కడుతుండు. పైసలు వాడవి, బల్ల గుడి పక్కనా?

అంబేడ్కర్ లండన్‌లో పస్తులుండి మ్యూజియం లైబ్రరీలో పొద్దంతా కూచున్నడు. బొంబాయిలో రాజగృహ కట్టుకున్నది పుస్తకాలు పెట్టుకునేటందుకే. మనం విగ్రహం చేతిలో పుస్తకం పెట్టి దండేసి వస్తున్నం. వాడల్లో విగ్రహాలు చాలానే లేసినయి. ఒక్క గద్దె వెనుక అయినా చదువుకునే గది ఉన్నదా? ఈ తప్పు మాది కూడా.

కాబట్టి సంఘాల వాళ్లు ముందు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాలె. దారిద్య్రరేఖ కింద ఉన్నోళ్లకు ఫీజు లేదు, అట్లాంటి వాళ్ల పేరుతోనే పెట్టండి. అడగాల్సింది: మన ఊర్లో గడిచిన అయిదేండ్లల్ల లైబ్రరీ సెస్సు ఎంత వసూలైంది? జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత కట్టిండ్రు? ఏ తారీఖున కట్టిండ్రు? జవాబు చేతికొచ్చినంక వాడలోనే గది కావాలని తీర్మానం చేసి, ఆ కాయితంతోని జిల్లా ఆఫీసుకు పోదాం.

అవ్వ చదువు రాకున్నా గంటసేపు హాల్లో కుర్చీల కూచున్నది. వచ్చేటప్పుడు మనుమరాలికి సభ్యత్వం ఎట్ల తీసుకోవాలెనో అడిగింది. ఆ కాయితాలు నింపుతున్నం.