ఎడ్వర్డ్ గారి ప్రేమ.. బెల్లా గది కిటికీ

ట్విలైట్ నవలలు చదివినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. స్టెఫనీ మేయర్ అనే అమెరికన్ రచయిత్రి 2005 నుంచి 2008 లోపు ప్రచురించిన నాలుగు పుస్తకాలు. పదిహేడేళ్ళ బెల్లా, 1901లో పుట్టి పదిహేడు దగ్గరే ఆగిపోయిన రక్తపిశాచి ఎడ్వర్డ్.. వీళ్ళిద్దరి ప్రేమకథ. వయసు తేడా గురించి నేనేం మాట్లాడను, ఫ్యాన్స్ కొడతారు :)

నా గొడవ కిటికీతో. మొదటి పుస్తకంలోనే ఎడ్వర్డ్ రాత్రిళ్ళు బెల్లా గదిలోకి కిటికీ గుండా వచ్చి, ఆ అమ్మాయి నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. ఆమెకి తెలియదు. తెలిశాక ఏమవుతుంది? నిద్రలో ఏం కలవరించానో అని సిగ్గుపడుతుంది, లోపల్లోపల మురిసిపోతుంది. అంతే! 2020లో అదే కథని ఎడ్వర్డ్ వైపు నుంచి 'మిడ్‌నైట్ సన్' పేరుతో ప్రచురించారు. అందులో అయ్యగారు కిటికీ చప్పుడు రాకుండా నూనె వెయ్యడం గురించి కూడా ఆలోచిస్తాడు. మా భాషలో చెప్పాలంటే ఇది బగ్ కాదండీ, డిజైన్.

మూడో పుస్తకం 'ఎక్లిప్స్' (2007) ఇంకా ఘోరం. బెల్లా తన స్నేహితుడు జేకబ్‌ని కలవడానికి వెళ్ళకూడదని ఆమె బండి ఇంజన్లోంచి పార్టు పీకేస్తాడు. తను ఊళ్ళో లేనప్పుడు కాపలా ఉండమని చెల్లెలికి పోర్షే కారు కొనిపెడతాడు. తర్వాత మనసు మార్చుకుని వెళ్ళనిస్తాడులెండి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ స్నేహితుణ్ణి కలవడానికి పర్మిషన్ ఇవ్వడానికి ఈయనెవరు? అది ఎవరూ అడగరు.

పోనీ రెండోవాడు జేకబ్ మంచివాడా అంటే, బలవంతంగా ముద్దు పెడతాడు. ఆమె గుద్దితే ఆమె చెయ్యే విరుగుతుంది. వాళ్ళ నాన్న ఆ ఊరి పోలీస్ చీఫ్. సంగతి విని జేకబ్‌నే మెచ్చుకుంటాడు. ఇక కంప్లైంట్ ఎక్కడిస్తాం? తర్వాత ఇదే జేకబ్, యుద్ధానికెళ్ళి చచ్చిపోతానన్నట్టు బెదిరించి, ఆమె చేతే ముద్దు అడిగించుకుంటాడు. 'నువ్వు కాదంటే చస్తా' అనే ఈ పద్ధతి మన కాలేజీల్లో చదువుకున్నవాళ్ళకి బాగానే తెలుసు.

"ఫాంటసీ కదా, లైట్ తీసుకో" అంటారు. సరే, నేనూ ఫాంటసీ అనే చదివాను, బాగానే అనిపించింది. రక్తం తాగడం చూసి ఎవరూ నేర్చుకోరు, నిజమే. కానీ రక్తపిశాచిని తీసేసి, ఆ స్థానంలో పక్క బ్రాంచి సీనియర్ని పెట్టి చదవండి. కిటికీ, ఇంజను, కాపలా.. అన్నీ మామూలు మనిషి చెయ్యగలిగిన పనులే. పైగా కథ ఎప్పుడూ అతని పక్షమే. పోర్ట్ ఏంజలస్ అనే ఊరికి బెల్లా వెనకాలే చెప్పకుండా వెళ్తాడు. సరిగ్గా అప్పుడే ఎవరో రౌడీలు చుట్టుముడతారు, ఇతను కాపాడతాడు. అంటే వెంటపడబట్టే బతికింది! నిజజీవితంలో వెంటపడేవాడే ఆ రౌడీ. 2008 డిసెంబరులో వరంగల్లో ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ దాడి చేసింది, వద్దంటే వినకుండా వెంటపడినవాడే. అమ్మాయి వద్దన్నాక వెంటపడటం మన దేశంలో 2013 నుంచీ విడిగా ఒక నేరం. పాత చట్టంలో 354డి, ఇప్పుడు న్యాయ సంహితలో 78.

మన సినిమాలు ఇంతకంటే ఏం గొప్ప అంటారా? కాదు. కానీ సినిమాలో వెంటపడే హీరో గొంతు వినిపిస్తుంది. ఇక్కడ చెబుతున్నది బెల్లా. 'నాకిది నచ్చింది' అని అమ్మాయి గొంతే మన చెవిలో చెబుతుంది. ఎడ్వర్డ్ ఇంజను పీకిన రాత్రి ఆమె కోపంతో కిటికీ మూసేసి, కాసేపాగి మళ్ళీ బార్లా తెరుస్తుంది. పదహారేళ్ళ పిల్ల ఆ పేజీ దగ్గర తనని తాను బెల్లా అనుకుంటుంది గానీ, విమర్శకురాలిని అనుకోదు కదా.

మా పిన్ని కూతురు బీటెక్ ఫస్టియర్. ఇవే పుస్తకాలు, తర్వాత ఇలాంటివే ఇంకో పది చదివింది. మొన్న ఫోన్లో "అక్కా, అతను ఎంత కేరింగో తెలుసా" అంది. కేరింగ్ అంటే రోజంతా లైవ్ లొకేషన్ ఆన్‌లో ఉండాలి. ల్యాబ్ గ్రూపులో అబ్బాయిలు ఉన్నారని ఆ వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రావాలి. వచ్చేసింది కూడా. ల్యాబ్ పనులు ఇప్పుడు రూమ్మేట్‌ని అడిగి తెలుసుకుంటోంది. పుస్తకం వల్లే ఇలా అయిందని నేననను. అయితే 'కేరింగ్' అనే మాటకి అర్థం ఎక్కడ నేర్చుకుందో మాత్రం నాకు తెలుసు.

లొకేషన్ ఆపెయ్యమని నేను చెప్పలేదు. చెబితే, ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళలో నేనూ ఒకదాన్నవుతాను. ఒక్కటే అడిగాను, "అతని లొకేషన్ నీకు కనిపిస్తుందా?" అని. కాసేపు ఏం మాట్లాడలేదు. "అడగలేదక్కా" అంది.