గుఱ్ఱపు జూలును దువ్వుట

షేక్స్పియరు మహాకవి రచించిన రోమియో జూలియెట్టు నాటకమునందు మాబ్ అను దేవకన్యల రాణి ప్రస్తావన కలదు. ఆమె రాత్రివేళ సంచరించుచు గుఱ్ఱముల జూలును పెనవేయునని మెర్క్యూషియో అనును. ఆంగ్లదేశపు పల్లెవారికి ఇది క్రొత్త మాట కాదు. తెల్లవారి సాలలోనికి పోయి చూచునప్పటికి గుఱ్ఱపు మెడపై వెండ్రుకలు త్రాళ్లవలె మెలిపడి యుండుటను గాంచి, అది దేవకన్యల చేష్టయని వారు తలచెడివారు. ఆ రాణి పక్షమున వాదించుట నా పని కాదు గాని, నింద యంతయు ఆమెపై మోపుట న్యాయముగ తోచదు. చిక్కులను కొంత గాలియు ధూళియు కలిగించును. దువ్వెన పట్టిన మనుష్యుడు అంతకంటె పెద్ద హాని చేయును. ఆ మనుష్యుని గూర్చియే నేను వ్రాయదలచితిని.

గుఱ్ఱపు జూలు నెలకు సుమారు ఒక అంగుళము పెరుగును. అనగా రెండడుగుల పొడవు గల వెండ్రుక రెండేండ్ల పెరుగుదల. నెదర్లాండ్సు దేశమునకు ఉత్తరముననున్న ఫ్రీస్లాండు సీమలో పుట్టిన నల్లని ఫ్రీషియను గుఱ్ఱములకు జూలు మెడను దాటి భుజముపై వ్రేలాడును; దానిని కత్తిరింపక పెంచుటయే ఆ గుఱ్ఱములను పోషించువారి యాచారము. అట్టి జూలు ఒక్క లాగుతో నడుమ తెగినచో మరల ఆ పొడవు వచ్చుటకు ఏడాదియో అంతకు మించియో వేచియుండవలెను. అయినను పెక్కు సాలలలో జరుగునదేమి? ఉదయమున మాలీసు చేసి, ఆ యూపుననే దువ్వెన తీసికొని కుదురునుండి క్రిందికి బలముగా లాగుదురు. వెండ్రుకలు తెగి దువ్వెననిండ చేరును. అది చూచి శుభ్రమైనదని సంతోషింతురు. ప్రతిదినము దువ్వుటయే శ్రద్ధ యనుకొనుట పొరపాటని నా యభిప్రాయము. పొడవైన జూలును వారమునకు ఒకటి రెండు మారులు వ్రేళ్లతో విడదీసి చూచినచో చాలును. దువ్వెన వంతు అటుపిమ్మట రావలెను.

వెండ్రుకను సూక్ష్మదర్శినిలో చూచినచో దానిపై చేప పొలుసులను బోలిన పొరలు కానవచ్చును. ఎండకును, ధూళికిని, కరకు సబ్బునకును ఆ పొలుసులు లేచి ఒకదానినొకటి పట్టుకొనును. చిక్కునకు అదియే ఆరంభము. తడిసిన వెండ్రుక ఎక్కువ సాగును, సులభముగ చెడును. కావున స్నానము చేయించిన వెంటనే దువ్వరాదు.

నేను బాల్యమున చేసిన తప్పొకటి చెప్పెదను. మా వీథి చివర జట్కా తోలు ముసలివాడొకడుండెను. వేసవి సెలవులలో ఒకనాడు ఆతడు లోపల అన్నము తినుచుండగా, నేను మా యమ్మగారి సన్నపండ్ల దువ్వెన తీసికొనిపోయి అతని గుఱ్ఱమునకు సేవ చేయబూనితిని. గుఱ్ఱము మొదట ఓర్చుకొనెను. మూడవ లాగుతో తల పైకెత్తి చెవులు వెనుకకు వాల్చెను. దువ్వెన చూచుకొందును గదా, పండ్లు రెండు విరిగినవి, తక్కిన వాటినిండ వెండ్రుకలే. ముసలివాడు వచ్చి చూచెను గాని కోపపడలేదు. “చిన్నబాబూ, అమ్మగారు చెల్లెమ్మకు జడ వేసేటప్పుడు ఎప్పుడైనా చూశారా? కుదురు దగ్గర ఒక చేత్తో పట్టుకొని, కొసన మొదలుపెడతారు. ఇది నోరులేనిది గాని నొప్పి లేనిది కాదు బాబూ” అనెను. అది మొదలు చాల దినముల వరకు నేను దగ్గరకు పోయినచో ఆ గుఱ్ఱము నా చేతికి అందకుండ తల ఎత్తుకొనుచుండెడిది. బెల్లపు ముక్క చూపినను అంతియే. ఇంటిలో దువ్వెనకై పడిన చీవాట్లు వేరు.

జట్కాలు మన పట్టణములలో దాదాపు కనుమరుగైనవి. ఆ ముసలివాని పద్ధతి మాత్రము నేటికిని చెల్లును. గుఱ్ఱమునకు ఎదురుగా గాక ప్రక్కగా, మెడవద్ద నిలువవలెను. జూలును చిన్న పాయలుగా విడదీసి, ఒక్కొక్క పాయను చిక్కునకు పైభాగమున గట్టిగా పట్టుకొనవలెను; అప్పుడు క్రింద ఎంత లాగినను ఆ లాగు కుదురునకు సోకదు. కొసల వద్ద నాలుగంగుళములు విడదీసి, పిమ్మట కొంచెము పైకి, ఇంకను పైకి పోవలెను. మొండిచిక్కు తగిలినచో రెండు మూడు చుక్కల కొబ్బరినూనె రాచి కొంతసేపు విడిచిపెట్టుట మంచిది. మన యింటి బాలికలకు ఈ విద్య నేర్పనక్కరలేదు; నేర్పవలసినది బాలురకే. అయితే తలకు రాచుకొన్నట్లు నూనె కుమ్మరించుట తగదు. జిడ్డునకు ధూళి అంటును, ధూళి వలన చిక్కు మరల వచ్చును. కుంకుడు పులుసుతో కడుగువారు అది గుఱ్ఱపు కన్నులలో పడకుండ జాగ్రత్తపడి, నురుగంతయు పోవువరకు నీరు పోయవలెను. మిగిలిన పులుసైనను సబ్బైనను చర్మమునకు దురద పుట్టించును.

బీడులో మేయు గుఱ్ఱమునకు పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు, మరులమాతంగి కాయలు జూలునకు అంటును. మరులమాతంగి కాయ ముండ్ల కొనలు కొక్కెములవలె వంగియుండును. ఇట్టి కొక్కెములు గల కాయలు తన కుక్క బొచ్చునకు అంటుకొనుట చూచియే స్విట్జర్లాండు దేశీయుడగు జార్జి డి మెస్ట్రల్, నేడు మన సంచులకును పాదరక్షలకును ఉండు వెల్క్రో పట్టీని కల్పించెను. అంటిన కాయను ఆ సాయంకాలమే తీసినచో ఒక నిమిషము పని. వారము విడిచినచో దానిచుట్టు పిడికెడు ముద్ద కట్టును. ఆ ముద్దను కోయక తప్పనినాడు కత్తెరను అడ్డముగా వేయక, వెండ్రుకల పొడవు వెంబడి నిలువుగా చీల్చి వ్రేళ్లతో విడదీయవలెను. కొన్ని వెండ్రుకలు పోవును గాని పాయ మిగులును.

చిక్కు పడకుండ జడ అల్లుట మంచి యుపాయమే. కాని కుదురును బిగించి అల్లరాదు. గుఱ్ఱము మేతకై తల వంచినపుడు మెడ పైయంచు సాగును. బిగిజడ అప్పుడు వెండ్రుకలను వేళ్లతో పెకలించును. కుదురునకు రెండు మూడంగుళములు విడిచి, వదులుగా మూడుపాయల జడ అల్లి, వారము పది దినములకొకమారు విప్పి మరల అల్లవలెను. అల్లి మరచిపోయిన జడకంటె విరబోసిన జూలే మేలు.

జూలు మెడవద్ద అరిగి, వెండ్రుకలు పొట్టిగా విరిగి కనబడినచో దువ్వెనను నిందింపక చర్మమును చూడవలెను. కులికాయిడిస్ అను మిక్కిలి చిన్న కుట్టుపురుగుల కాటు కొన్ని గుఱ్ఱములకు పడదు. దురద తాళలేక అవి చెట్టునకును గోడకును మెడ రుద్దుకొనును. ప్రాతస్సంధ్య, సాయంసంధ్య వేళల ఈ పురుగులు ముమ్మరముగ తిరుగును గనుక, ఆ వేళలలో గుఱ్ఱమును సాలలో నుంచి పశువైద్యునకు చూపవలెను.

ఇంత శ్రమ యేల, కత్తిరించిన పోదా యని కొందరందురు. పోలో ఆడు గుఱ్ఱములకు కఱ్ఱయు కళ్లెపువారును తగులుకొనకుండ జూలు గొఱుగుదురు. అందు కారణము కలదు. తీరిక లేని యజమాని జూలును కొంత పొట్టి చేయించుటయు తప్పు గాదు; అట్టలుకట్టిన పొడవుకంటె అది గుఱ్ఱమునకు సుఖము. కాని నుదుటి జూలును మాత్రము ముట్టరాదని నా ప్రార్థన. కన్నులపై వ్రాలు ఈగలను తోలుకొనుటకు దానికి చేతులు లేవు.

ఇక తలిదండ్రులకొక విన్నపము. పెండ్లి ఊరేగింపునకు గుఱ్ఱమును మాటాడుకొనునపుడు జూలునకు జరీదారములను, తళుకు కాగితములను కట్టింతురు. కొందరు రంగులును జిగురును పూయుదురు. తెల్లవారి ఆ గుఱ్ఱము మరియొక పెండ్లికి పోవును. పాత దారములపై క్రొత్త దారములు పడును. ముహూర్తముల కాలము ముగియునప్పటికి వాటి క్రింద ముద్ద కట్టిన జూలును కోసి పారవేయుటను నేను కన్నులార చూచితిని. జిగురు వలదని బేరమునాడే చెప్పుడు. అలంకారము మెడలోని పూలదండకును జీనుపై పట్టువస్త్రమునకును పరిమితము చేయుడు. దారములు కట్టించియే తీరవలెనన్నచో, పెండ్లికొడుకు దిగిన పిమ్మట అర్ధగంట అచ్చటనే నిలిచి, గుఱ్ఱపువానిచే వాటిని చేతితో విప్పించి, ఆ శ్రమకు వేరుగా కూలి యిచ్చి పంపుడు.