పాట కట్టించిన హాలు

'మురిపించే మువ్వలు' సినిమాలో ఎస్. జానకి గొంతుకు పోటీగా సాగే నాదస్వరం వినని తెలుగు ఇల్లు అరుదు. 1962లో తమిళంలో 'కొంజుమ్ సలంగై'గా వచ్చిన ఆ చిత్రానికి నాదస్వరం ఊదినవారు కారుకురిచ్చి అరుణాచలం. టి.ఎన్. రాజరత్నం పిళ్లై శిష్యుడు. ఆయన స్థిరపడ్డ ఊరు కోవిల్‌పట్టి. 1964లో, యాభై ఏళ్లు కూడా నిండకుండానే పోయారు. ఆ ఊళ్లో ఆయనకు విగ్రహం ఉంది. ఆ విగ్రహం ముందునుంచి బజారుకు వెళ్లేవాళ్లలో చాలామంది ఇంటికి పోయి మాట్లాడుకునేది తెలుగు. ఈ సంగతి హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఎందరికి తెలుసు?

మదురై నుంచి దక్షిణానికి పోయే రైలు విరుదునగర్, సాత్తూరు దాటి కోవిల్‌పట్టి చేరుతుంది. 1876లో వేసిన దారి అది. రెండు పక్కలా నల్లరేగడి, అక్కడివాళ్ల మాటలో కరిసల్. విజయనగర, నాయక రాజుల కాలంనుంచి ఈ నేలమీదికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు ఉన్నారు. రాజకంబళత్తు నాయకర్లు, కమ్మవారు, రెడ్లు, రాజపాళయం రాజులు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు చేతికి రాలేదు. అమ్మ నోటినుంచి బిడ్డ చెవికి దిగుతూ వచ్చిన తెలుగు అది. అలాంటి వాళ్లకు తమ భాష గడప దాటి, నలుగురి మధ్య గౌరవంగా వినిపించిన చోటు ఒకటుంది. అది పాట పాడే చోటు. కచేరీ పందిరి కావచ్చు, నాటకాల కొట్టాయి కావచ్చు, తర్వాత వచ్చిన టాకీ హాలు కావచ్చు.

నాటకాల కొట్టాయి అంటే తాటాకో తగరపు రేకో కప్పిన పెద్ద పాక. ముందు కుర్చీలు, వెనక బల్లలు, ఆ వెనక నేల. మైకు లేదు. నేల టిక్కెట్టు కొన్నవాడి చెవికి కూడా చేరాలంటే నటుడు పై శ్రుతిలో గొంతెత్తి పాడాల్సిందే. తూత్తుక్కుడి దగ్గర పుట్టిన శంకరదాస్ స్వామిగళ్ (1867–1922) ఆ రంగస్థలానికి పెద్ద దిక్కు. 1918లో మదురైలో ఆయన నడిపిన బాలుర కంపెనీనుంచి ఒక తరం నటులు వచ్చారు. సెంగోట్టై నుంచి వచ్చిన ఎస్.జి. కిట్టప్ప 27 ఏళ్లకే, 1933లో చనిపోయాడు. అన్న కాశి అయ్యర్ హార్మోనియం పట్టుకుంటే కిట్టప్ప గొంతు కొట్టాయి దాటి వీధిలోకి వచ్చేదని చెప్పుకుంటారు. ఆయన గ్రామఫోను పాటల్లో అందరూ తలుచుకునేది త్యాగరాజు 'ఎవరని' కృతి. దేవామృతవర్షిణి రాగం. తమిళ నాటకాల నటుడి గొంతులో తెలుగు కీర్తన! సాహిత్యం అర్థంకాని తమిళ శ్రోత రాగానికి తలూపాడు. కరిసల్ పల్లెనుంచి వచ్చిన తెలుగు రైతుకు మాత్రం ఒక్కో మాటా అర్థమై ఉంటుంది. త్యాగయ్య ఎవరో అతనికి తెలిసినా తెలియకపోయినా, ఆ మాటలు తన ఇంటి మాటలే.

టాకీ వచ్చాక కూడా ఈ పొత్తు తెగలేదు. 1931 అక్టోబరు 31న విడుదలైన 'కాళిదాస్'ను తొలి తమిళ టాకీ అంటారు. తీసినవారు మన హెచ్.ఎం. రెడ్డి. అందులో టి.పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడితే నాయకుడు తెలుగు మాట్లాడాడు. మధ్యలో త్యాగరాజ కృతులున్నాయి. తొలినాళ్ల తెర ఏ ఒక్క భాషకూ చెందలేదు.

ఆ తర్వాత 1937లో 'చింతామణి' వచ్చింది. మదురై రాయల్ టాకీస్‌వాళ్ల చిత్రం. ఎం.కె. త్యాగరాజ భాగవతార్, అశ్వత్థమ్మ నటించారు. పాటలు పాపనాశం శివన్‌వి. దర్శకుడు వై.వి. రావు, అంటే యరగుడిపాటి వరదరావు, నెల్లూరు మనిషి. లీలాశుకుడి కథ మనకు కాళ్లకూరి నారాయణరావు నాటకంగా ఊరూరా తెలిసినదే. అదే కథ తమిళంలో పాటల పందిరిగా మారింది. జనం కథకోసం ఒకసారి వెళ్లారు, పాటలకోసం మళ్లీ మళ్లీ వెళ్లారు. ఏడాది పాటు ఆడిన తొలి తమిళ చిత్రంగా దానికి పేరు. వచ్చిన లాభంతో నిర్మాతలు మదురైలో ఒక థియేటర్ కట్టి, దానికి చింతామణి అనే పేరు పెట్టారు. ఒక సినిమా పాటలు ఇటుకలై, సున్నమై, గోడలై నిలబడ్డ చరిత్ర ఇంకెక్కడైనా ఉంటే మనకు అపురూపమే. ఆ సినిమాను నడిపించింది నెల్లూరువాడు కాబట్టి ఆ గోడల్లో మన వాటా కూడా ఉందని చెప్పడానికి నేను వెనకాడను.

ఆ చింతామణి హాలు ఇప్పుడు లేదు. 1952 దీపావళికి 'పరాశక్తి'తో తెరుచుకున్న తంగం థియేటర్ కూడా లేదు. 2,563 సీట్లతో ఆసియాలోనే పెద్ద హాలని చెప్పుకున్న ఆ కట్టడాన్ని పడగొట్టి బట్టల దుకాణం కట్టారు. యజమానిని తప్పుపట్టలేం. టీవీ వచ్చింది, జనం తగ్గారు, నగరం నడిబొడ్డున గజం విలువ టిక్కెట్టు డబ్బు అందుకోలేనంత ఎత్తుకు పోయింది. నన్ను బాధపెట్టేది వేరే ఉంది. తంగానికి సీట్ల లెక్క మిగిలింది. ఆ సీట్లలో కూర్చున్నవాళ్ల సంగతి మిగల్లేదు. విరుదునగర్ నుంచి పత్తి అమ్మిన డబ్బుతో రైలెక్కి వచ్చినవాడు ఏ పాట దగ్గర మళ్లీ పాడమని అరిచాడో, ఇంటికి వెళ్లి ఆ పాటను ఏ భాషలో నెమరేసుకున్నాడో ఎవరూ రాయలేదు. మన నాటక చరిత్రలు బళ్లారి, మద్రాసు దాటి దక్షిణానికి దిగడం అరుదు. తమిళ చరిత్రకారుడికి ప్రేక్షకుడి ఇంటి భాషతో పని లేదు. రెంటి నడుమా ఈ శ్రోత జారిపోయాడు.

రాసి పెట్టుకుంటే ఏం నిలుస్తుందో చూడాలంటే కోవిల్‌పట్టికి దగ్గర్లోని ఎట్టయపురం చాలు. సుబ్బరామ దీక్షితులు (1839–1906) అక్కడి ఆస్థాన విద్వాంసుడు. ముత్తుస్వామి దీక్షితులు కన్నుమూసిన ఊరు కూడా అదే, 1835లో. సుబ్బరామ దీక్షితులు చివరి ఏళ్లలో, చిన్నస్వామి మొదలియార్ పట్టుబట్టగా, ఎట్టయపురం రాజుల అండతో తనకు తెలిసిన సంగీతమంతా గమకాల గుర్తులతో సహా కాగితం మీద పెట్టాడు. 1904లో అచ్చయిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అది. తమిళ దేశం నడుమ అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉంది. ఆ దర్బారు పోయింది, జమీందారీ పోయింది. అక్కడ పాడిన కృతుల్ని ఈనాటికీ పుస్తకం చూసి పాడుకోగలుగుతున్నాం.

కట్టడం నిలవడం కూడా అసాధ్యం కాదు. రాజపాళయం తెలుగు రాజుల కుటుంబంలో పుట్టి, 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా తన సొంత ఇంటిని గాంధీ కళామన్రానికి ఇచ్చేశారు. అంతటి దాత ప్రతి ఊరికీ దొరకడు. వినికిడి జ్ఞాపకం రాయడానికి మాత్రం ఇల్లు ఇవ్వనక్కర్లేదు. ఇడైసెవల్ అనే చిన్న పల్లెలో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్, ఆయన పక్కింటి నేస్తం కు. అళగిరిసామి ఈ పని చేసి చూపారు. ఇద్దరికీ సంగీతం పిచ్చి. విళాత్తికుళం స్వామిగళ్ పాట, కారుకురిచ్చి నాదస్వరం వాళ్ల చెవుల్లో నిండి ఉండేవి. కి.రా. తెలుగువాళ్ల వలస కథను తమిళంలో 'గోపల్ల గ్రామం'గా రాశారు. దాని తర్వాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2021లో ఆయన వెళ్లిపోయారు. ఆ తరం శ్రోతలు ఏటా తగ్గిపోతున్నారు.

శివకాశిలో పుట్టిన విశ్వనాథదాస్‌ను కూడా ఇక్కడ తలుచుకోవాలి. మంగలి కులంలో పుట్టినందుకు ఆయన పక్కన వేషం కట్టడానికి వెనకాడినవాళ్లు ఉండేవారు. రంగస్థలం మీద దేశభక్తి పాటలు పాడినందుకు తెల్లదొరతనం ఎన్నోసార్లు జైల్లో పెట్టింది. 1940 డిసెంబరు 31 రాత్రి మద్రాసులో మురుగన్ వేషంలో, నెమలి మీద కూర్చుని పాడుతూ ప్రాణం విడిచారు. ఆయన నడిచిన నాటక మార్గం ఆగిపోలేదు. మదురై చుట్టుపక్కల ఊళ్ల తిరునాళ్లలో స్పెషల్ నాటకం ఇప్పటికీ తెల్లవార్లూ నడుస్తుంది. తలో ఊరినుంచి వచ్చిన నటులు ముందు రిహార్సలు లేకుండానే వేదిక మీద కలుసుకుని, హార్మోనియం శ్రుతి అందుకుని 'వళ్లి తిరుమణం' ఆడేస్తారు. హాళ్లు పోయినా ఆ నటులున్నారు, హార్మోనియం వాయించేవాళ్లున్నారు. అడిగేవాళ్లు కావాలి.

అందుకే వచ్చే సంచికనుంచి ఈ పత్రికలో కొన్ని పేజీలు కరిసల్ తెలుగువాళ్ల వినికిడి జ్ఞాపకాలకు కేటాయిస్తున్నాం. కోవిల్‌పట్టి, విరుదునగర్, సాత్తూరు, రాజపాళయం వైపు చుట్టాలున్నవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. మీ ఊరి కొట్టాయి ఎక్కడుండేది, ఎవరు పాడారు, నేల టిక్కెట్టు ఎంత, ఆడవాళ్లు ఎటువైపు కూర్చునేవాళ్లు, ఏ పాట ఇంటిదాకా వచ్చింది. వాళ్ల మాటను మన పుస్తకాల తెలుగులోకి దిద్దకండి. వాళ్లు పలికినట్టే రాయండి. తెలుగు రాయడం రాకపోతే తమిళ లిపిలోనే రాసి పంపండి, ఇక్కడ మేం మార్చుకుంటాం.