“మీ ఇష్టం” అనకండి!

మా వారు కేంద్ర ప్రభుత్వోద్యోగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, అరవయ్యో ఏట రిటైరయ్యారు. ఆఫీసులో సభ చేశారు. ఆయనకి శాలువా, గంధపు దండ, వెండి వినాయకుడు. నన్నూ వేదిక మీదికి పిలిచి, “వీరి వెనక ఆ తల్లి ఉన్నారు” అంటూ పెద్ద ఉపన్యాసమిచ్చారు. నేనూ మురిసిపోయాను.

వారం తిరక్కుండానే ఆయన పెన్షను కాగితాల్లోంచి ఓ ఫారం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

“ఏమోయ్, సి.జి.హెచ్.ఎస్. కార్డు కావాలంటే పదేళ్ల చందా ఒక్కసారే కట్టాలిట. నెలకి 650 చొప్పున 78,000 రూపాయలు. అక్కర్లేదంటే, మన ఊళ్లో వాళ్ల డిస్పెన్సరీ లేదు కనక, మందుల ఖర్చుకని నెలకి వెయ్యి మనకే ఇస్తారట. ఏం చేద్దాం?”

పొయ్యి మీద పులుసు పొంగుతోంది. “మీ ఇష్టమండీ!” అనేశాను.

ఆయన ఇష్టం ఆయన కానిచ్చారు. కట్టే డబ్బు కన్నా వచ్చే డబ్బు ముద్దు కదా! వెయ్యి రాయించుకున్నారు. మూడేళ్లకి నాకు పిత్తాశయంలో రాళ్లు తేలాయి. ఆపరేషను, గది అద్దె, పరీక్షలు అన్నీ కలిసి లక్షన్నర దాటింది. నా నాలుగు పేటల గొలుసు బ్యాంకు లాకరులోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లలేదు. ఆ వెయ్యి రూపాయలు రోజువారీ మందులకే గాని, ఆసుపత్రిలో పడుకోవడానికి కాదని అప్పుడు తెలిసింది. ఆ వెయ్యి పుచ్చుకుంటూనే, చందా కట్టి, ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొచ్చేలా కార్డు తీసుకునే మూడో దారి కూడా ఉందనీ అప్పుడే తెలిసింది. ఎంపికని ఒక్కసారి మార్చుకునే వీలుండబట్టి తరవాత చందా కట్టి ఒడ్డున పడ్డాం. గొలుసు మాత్రం పోయింది.

ఇక్కడ నేను తప్పు పట్టేది మా వారిని కాదు, నన్ను. అందుకే అడుగుతున్నాను. చీర రంగు దగ్గర “మీ ఇష్టం” అనం. కందిపప్పు ఏ కొట్లో కొనాలో ఆయనకి వదలం. ముసలితనంలో మన ప్రాణానికి అడ్డుపడే కాగితం దగ్గరకొచ్చేసరికి మాత్రం, అది మగవారి వ్యవహారమని వంటింట్లోకి తప్పుకుంటాం. ఎందుకమ్మా?

ఒక్కసారి లెక్క చూడండి. మన ఇళ్లల్లో భార్య సాధారణంగా భర్త కన్నా నాలుగైదేళ్లు చిన్నది. పైగా ఆడవాళ్ల ఆయుర్దాయం మగవాళ్ల కన్నా కాస్త ఎక్కువ. అపశకునమని నోరు నొక్కకండి, జరిగేదే చెబుతున్నాను. అరవయ్యో ఏట ఆయన పెట్టే సంతకం ఎవరి కోసం? చాలా ఇళ్లల్లో డెబ్భై అయిదో ఏట ఒంటరిగా మిగిలే ఆవిడ కోసం. ఆయన తరవాత కుటుంబ పెన్షనుతో పాటు ఆ కార్డునీ తన పేరుకి మార్పించుకోవలసింది ఆవిడే. కాగితం ఏ బీరువాలో, ఏ అరలో ఉందో కూడా తెలియని మనిషి ఏం మార్పించుకుంటుంది?

“మా అబ్బాయి కంపెనీలో ఇన్సూరెన్సుంది, మమ్మల్నీ చేర్చాడు” అంటారు కొందరు. సంతోషం. అబ్బాయి ఉద్యోగం మారితే? ఊడితే? ఆ నీడ కూడా దానితోటే పోతుంది. “బయట పాలసీ తీసుకుంటాం” అంటారు మరికొందరు. ఈ వయసులో ప్రీమియం మాట వింటేనే బీపీ పెరుగుతుంది. ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఆగమనే పాలసీలున్నాయి. మోకాళ్ల నొప్పులు మూడేళ్లు ఆగుతాయా?

“మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, మాకే కార్డూ లేదు” అనే చెల్లెళ్లకీ ఓ మాట. 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు వచ్చింది. ఆదాయంతో పని లేదు, డెబ్భై నిండితే చాలు. ఏడాదికి అయిదు లక్షల దాకా ఆసుపత్రి వైద్యం. ఉన్న జబ్బులకీ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఆ అయిదు లక్షలూ ఇంట్లో డెబ్భై దాటిన వాళ్లందరికీ కలిపి. ఆసుపత్రిలో చేరకుండా వాడే నెలవారీ మందులకి మాత్రం పనికిరాదు. ప్రభుత్వం వారిని ఓ మాట అడక్క తప్పదు. యాభై ఎనిమిదికి ఉద్యోగం తీసేసుకుంటారు, డెబ్భైకి కార్డిస్తామంటారు. ఈ నడుమ పన్నెండేళ్లూ షుగరూ, గుండెజబ్బూ సెలవు పెట్టి కూచుంటాయా?

ఆ డెబ్భై అయినా ఎవరి లెక్క? ఆధార్ లెక్క! మా ఎదురింటి పిన్నిగారు పొట్టి శ్రీరాములుగారు ప్రాణం విడిచిన నెలలో పుట్టారు. అంటే 1952 డిసెంబరు. ఆధార్ రాయించిన రోజున మరిదిగారు నోటికొచ్చిన ఏడాది చెప్పారు, వాళ్లు 1958 జనవరి 1 అని ఎక్కించారు. ఆవిడ పక్కనే కూచుని నవ్వుతూ వేలిముద్ర వేశారుట. ఇప్పుడు ఒంట్లో డెబ్భై దాటింది, కాగితంలో దాటలేదు. పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే దిద్దనిస్తారు, దానికీ రుజువు కావాలి. ఆ కాలపు ఆడపిల్లకి రుజువెక్కడిది? బడికి పంపితేగా!

కనక అక్కయ్యలూ, వదినలూ, ఇంట్లో ఎవరైనా రిటైరవుతుంటే శాలువా మడత పెట్టేముందు ఆ ఫారం చేతికి తీసుకోండి. ఎవరెవరి పేర్లున్నాయో, ఎంత కట్టాలో, రేపు దేనికి పనికొస్తుందో మీరే చదవండి. మీ ఆధార్‌లో మీ వయసెంతుందో ఈ పూటే చూసుకోండి. కార్డు నకలు మీ పోపుల పెట్టెలో పెట్టుకోండి, అదైతే మీకు తెలియకుండా ఎవరూ కదపరు.

పులుసు పొంగితే పొంగనివ్వండి. పొయ్యి తుడుచుకోవచ్చు. పోయిన గొలుసు మాత్రం తిరిగి రాదు, నాకు తెలుసు.